డోర్కాస్ ఎంచిన తీగలు

యెషయా గిటారు తలను పళ్లతో కరిచిపట్టుకుని లావుపాటి తీగను బొటనవేలితో మీటాడు. వణుకు పళ్లలోంచి దవడకు, దవడలోంచి కణతలకు పాకింది. బిరడాను ఒక పిసరు బిగించి మళ్లీ మీటాడు. ఈసారి వణుకు కుదురుగా ఉంది. నాలుకకు తగిలిన వార్నిషు చేదును కిటికీలోంచి ఉమ్మేసి రెండో తీగ పట్టుకున్నాడు. వెనకాల కిరసనాయిలు స్టవ్వు మీద టీ పొంగి, మంటలో పడి చుయ్యిమంటోంది. అతనికి ఆ చుయ్యిమనడం వినిపించదు. మాడు వాసన తగిలాకే వెనక్కి తిరిగాడు.

పొద్దున్నే పళ్లు తోముకోకముందు గిటారు కొరికే మనిషి కలకత్తా మొత్తానికి ఇతనొక్కడే అయివుంటాడు. వాట్‌గంజ్‌లో ఓ పాత గోదాము మేడ మీది గది అది. ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, గోడకు కొట్టిన మేకుకు ఇస్త్రీ చేసిన నల్లకోటు. యెషయాకు యాభై దగ్గర పడుతున్నాయి. పొట్టి మెడ, మూటలు మోసేవాడికుండే భుజాలు, చేతుల నిండా నిప్పురవ్వలు పడి మానిన మచ్చలు. గోళ్ల సందుల్లో తుప్పు ఎర్రగా ఇమిడిపోయి ఉంటుంది. సాయంత్రం పార్క్ స్ట్రీట్ రెస్టారెంటులో నల్లకోటు తొడుక్కుని నిలబడినప్పుడు ఆ గోళ్లు కనపడకుండా వేళ్లు ముడుచుకోవడం అతనికి అలవాటు.

ఇరవయ్యేళ్లపాటు ఖిదిర్‌పూర్ రేవు డాకులో ఓడల తుప్పు కొట్టాడు. ఓడను నీళ్లు తోడేసిన గుంటలో నిలబెట్టి మనుషుల్ని దాని కడుపులోకి దింపుతారు. నాలుగువైపులా ఇనపగోడలున్న చోట కూర్చుని ఇనుమును ఇనుముతో కొడితే ఆ మోత ఎటు పోతుంది? కొట్టినవాడి చెవుల్లోకే పోతుంది. ముందు కీచురాళ్లు పోయాయి. తరవాత పిచ్చికలు. ఆ తరవాత గ్లాసులో చెంచా, సైకిలు బెల్లు, ఆడవాళ్ల మాటల చివర్లు, ఒక్కొక్కటే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి. మిగిలినవి ఓడ కూత, లారీ ఇంజను, పెద్ద డోలు, తన గిటారు అడుగుగొంతు. మనుషులు మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. డాకులో ఇది ఎవరికీ వింత కాదు, అక్కడందరిదీ అదే చెవి. పార్క్ స్ట్రీట్‌లో మాత్రం ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే ఒక్క పూట ఉంచరు.

సంగీతంలోకి కూడా బరువు మోయడానికే వచ్చాడు. తెలుగువాళ్ల చర్చిలో, వెళ్లిపోయిన దొర ఒకాయన వదిలేసిన నిలువెత్తు పిడేలు ఉండేది. దాన్ని ఎత్తి నిలబెట్టగలిగిన కండ యెషయాకే ఉందని అతనికి అప్పగించారు. మోసేవాడు మోస్తూ మోస్తూనే మీటడం నేర్చుకున్నాడు. అక్కడినుంచి రెస్టారెంటు బ్యాండుకు. రోజులు మారి, పెద్ద పిడేలు మూలపడి, నాలుగు తీగల బేస్ గిటారు వచ్చింది. పాడే అమ్మాయి మీద దీపం, బాకా ఊదేవాడి మీద దీపం, బేస్ వాయించేవాడు స్తంభం పక్కన చీకట్లో. యెషయాకు ఆ చోటంటే ప్రాణం. కూరలో ఉప్పులాంటి పని అది. ఉన్నంతకాలం ఎవరూ మెచ్చుకోరు, తేడా వస్తే మాత్రం మొదటి ముద్దకే తెలిసిపోతుంది.

ఆ తేడా వచ్చింది. బేస్ వాయించేవాళ్లు తీగ తెగేదాకా మార్చరు. ఏళ్ల తరబడి చెమటా జిడ్డూ పట్టేకొద్దీ తీగ మెత్తబడి, కొత్తలోని గణగణ పోయి, నిండుగా పలుకుతుంది. అలా మెత్తబడిన యెషయా తీగల్లో లావుపాటిది దుర్గాపూజల తరవాత తెగింది. చిత్పూరు రోడ్డులో కొత్తవి కొని, ఒక్కడే విని, ఒక్కడే బిగించుకున్నాడు. అసలు తప్పు అక్కడ జరిగింది. పెళ్లయిన దగ్గర్నుంచి తీగలు మార్చినప్పుడల్లా వినేది డోర్కాస్, అతని భార్య.

డోర్కాస్ తల్లి బడ్జ్ బడ్జ్ జనపమిల్లు గేటు దగ్గర కూరగాయలు అమ్మేది. గుమ్మడికాయను వేలితో కొట్టి ముదురో లేతో చెప్పడం డోర్కాస్‌కు మాటలతోపాటు వచ్చిన విద్య. యెషయా తీగ మీటుతుంటే గుమ్మం దగ్గర పీట వేసుకుని, అతని వైపు వీపు పెట్టి, కళ్లు మూసుకుని వినేది. బాగుంటే "గుమ్మడికాయ" అనేది. బాగులేకపోతే "సత్తుగిన్నె" అనేది. అంతే, ఇంకో మాట లేదు. ఆమె గుమ్మడికాయ అన్న తీగకు రెస్టారెంటులో ఎవరూ ఎన్నడూ వంక పెట్టలేదు. యెషయాకు చెముడని ముందు కనిపెట్టిందీ ఆమే. కనిపెట్టి, ఆ ఊసు ఎత్తకుండా, తన చెవులు రెండూ అతనికి అరువిచ్చేసింది.

ఇప్పుడామె వానాకాలం నుంచి క్షయ ఆసుపత్రిలో ఉంది.

నిన్న సాయంత్రం ఆట అయ్యాక బ్యాండు నడిపే మెల్విన్ ఇతన్ని దీపం కిందికి పిలిచాడు. బ్యాండు తన తండ్రిది, తండ్రి తరవాత తనది అయిన ఆంగ్లో ఇండియన్. కోపిష్టి కాడు. యెషయా పేరును ఇంగ్లీషులో ఐజయా అంటాడు. "ఐజయా, నీ గిటారు ట్రాము గంటలాగా మోగుతోంది. జనం తలలు తిప్పి చూస్తున్నారు. వెచ్చగా, గుండ్రంగా ఉండే నీ పాత గొంతు నాక్కావాలి. రేపటికి అది రాకపోతే వేరేవాణ్ణి పిలుస్తాను," అన్నాడు హిందీలో. యెషయా తల ఊపాడు. తన చెవికి ఆ తీగలు బాగానే ఉన్నాయి. భయం వేసింది కూడా అందుకే. చెవికి బాగున్నది బాగులేదని తేలితే మనిషి ఇంక దేన్ని నమ్ముకోవాలి?

డాకులో రోజుకూలీలను తగ్గించేశారు, తుప్పు కొట్టే పని వారానికి ఒకనాడైనా దొరకడం లేదు. డోర్కాస్ పాలూ గుడ్లూ ఈ గిటారు మీదే నడుస్తున్నాయి. అదొక్కటే అయితే మూటలైనా మోసేవాడు. స్తంభం పక్కనున్న ఆ చోట నిలబడినంతసేపూ తానూ వినగలిగినవాళ్లలో ఒకడు. అది పోతే తానొక చెవిటి కూలీ, అంతే. టీ మాడిన గిన్నెను పక్కకు పెట్టేసి, నల్లకోటు తొడుక్కుని, డోర్కాస్ గోనెగుడ్డతో కుట్టిన సంచిలోకి గిటారును దింపి మెట్లు దిగాడు.

వాట్‌గంజ్ సందులో గురవయ్య కొట్టు ఉంది. ఓడల్లో వచ్చిన నావికులు అమ్ముకునేవన్నీ అతని దగ్గరికే చేరతాయి. నైలాను చొక్కాలు, గడ్డం గీసుకునే కత్తులు, ఆగిపోయిన గడియారాలు. చంద్రుడి మీద మనుషులు దిగిన ఏడాది కాబట్టి, చంద్రుడి బొమ్మ వేసిన సిగరెట్టు పెట్టెలు కూడా పేర్చి ఉన్నాయి. గురవయ్యది కళింగపట్నం వైపు. ఎప్పుడూ నోట్లో పాన్ ఉంటుంది. పాన్ నమిలేవాడి పెదవులు చదవడం బ్రహ్మతరం కాదు. యెషయా కొట్టు ముందు నిలబడి అతను ఉమ్మేదాకా ఓపిగ్గా ఆగాడు.

"డోర్కాసు ఎలాగుంది?" అన్నాడు గురవయ్య మూతి తుడుచుకుని.

"పర్లేదు. తేరుకుంటంది."

తేరుకోవడం లేదని ఇద్దరికీ తెలుసు. గురవయ్య లోపలికి వెళ్లి రెండు చుట్టలు తెచ్చి గాజుబల్ల మీద పెట్టాడు. ఒకటి తెల్లగా, ఉక్కు మీద సన్నని తీగ మెలిచుట్టి మెరుస్తోంది. రెండోది నల్లగా, ఏ మెరుపూ లేకుండా ఉంది.

"ఈ నల్లయ్యి సూడు. ఉక్కు మీద నైలాను పట్టీ సుట్టీసినారు. జర్మనీ ఓడలో వంటోడు ఇచ్చినాడు. పెద్ద పిడేలులాగ మెత్తగా పలుకుతాయని సెప్పినాడు. ఆ తెల్లయ్యి కొత్త రకం, కుర్రోళ్లు మోజు పడతన్నారు. నాకు ఏటి తెలుసు గాని, రెండూ పట్టుకెల్లు. వద్దన్నయ్యి తెచ్చీ."

యెషయా గోటితో గీరి చూశాడు. తెల్లదాని మీద గోరు మరమేకు మీద నడిచినట్టు గతుకులు పడింది. నల్లది నూనెగుడ్డలా జారింది. వేళ్లు నల్లదే తీసుకోమన్నాయి. అక్కడే గాజుబల్ల అంచున కూర్చుని గిటారు మీది చిత్పూరు తీగలు ఊడదీశాడు. లావువి రెండూ తెల్లవి, సన్నవి రెండూ నల్లవి బిగించాడు. పక్కపక్క తీగలు కాబట్టి, మెట్టు మార్చి నొక్కితే ఒకే స్వరం తెల్లదాని మీదా పలుకుతుంది, నల్లదాని మీదా పలుకుతుంది. గిటారు తలను పళ్లతో కరిచి రెండూ పలికించాడు. నల్లది అతని చెవికి దుప్పటి మీద గుద్దిన చప్పుడు. తెల్లది వెచ్చగా, నిండుగా, అచ్చం తను పోగొట్టుకున్న గొంతులా వినిపించింది. పైగణగణ ఉంటే ఉండవచ్చు, ఆ గణగణ అతని చెవిదాకా రాదు కదా.

వేళ్లు ఒకటి చెబుతున్నాయి, చెవి ఒకటి చెబుతోంది. చిత్పూరు తీగలు కొన్నరోజునా ఈ చెవే కదా ముంచింది. అయినా ఎంత చెడినా సొంత చెవి మాట కాదనడం కష్టం. ఎవరైనా ఒక్కరు తీర్పు చెప్పాలి, ఆ ఒక్కరు ఎవరో అతనికి తెలుసు. గురవయ్యకు దండం పెట్టి బస్సు ఎక్కాడు.

బస్సులో కండక్టరు అరిచే పేర్లు అతనికి అందవు. కిటికీలోంచి కొండగుర్తులు చూసుకుంటూ నిలబడ్డాడు. గిటారు సంచిని చూసి ఎవరో "దాదా, శవమా?" అని హాస్యమాడారు. ఏమన్నారో తెలియక యెషయా కూడా అందరితోపాటు నవ్వాడు.

ఆడవాళ్ల వార్డు పొడుగాటి హాలు. ఇనపమంచాలు రెండు వరసలు, ఫినాయిలు వాసన, పైన దూలం మీద పావురాలు. డోర్కాస్ మంచం గుమ్మం వైపు తలపెట్టి ఉంటుంది. యెషయా గుమ్మంలో అడుగుపెట్టగానే, అతను పిలవకముందే, ఆమె తల వెనక్కి తిప్పింది. ఎప్పుడూ అంతే. ఎంతమంది నడుస్తున్నా ఆ వార్డులో తన అడుగును ఆమె గుర్తుపడుతుందని అతనికి గర్వం.

"వచ్చీసినావా మావా. తిన్నావేటి? కోటు ఇస్త్రీ సేయించినావా?" అంది.

ఈమధ్య ఆమెకు మాటలు ఎక్కువయ్యాయి. అతను నోరు తెరిచేలోగా తనే రెండు ప్రశ్నలు వేసి, జవాబు కోసం ఆగకుండా ఇంకోటి మొదలుపెడుతోంది. మనిషి సగమైంది. బుగ్గలు లోపలికిపోయి, చేతి గాజు మోచేతిదాకా జారుతోంది. కళ్లు మాత్రం పెద్దవై, అతని ముఖం మీదనుంచి కదలడం లేదు. యెషయా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తను ఎవరితోనైనా మాట్లాడేటట్టే, పెదవులు సాగదీసి నెమ్మదిగా చెప్పాడు.

"ఒలే డోర్కా. ఇయ్యి నల్లయ్యి, ఇయ్యి తెల్లయ్యి. నువ్వు ఇని సెప్పాల. మెల్విన్ ఈ పూటే తేల్చీమన్నాడు. తేడా వస్తే పని పోద్ది."

డోర్కాస్ అతని నోటి వంక చూస్తూ అంతా విని, తల ఊపింది. "వాయించు మరి," అంది.

కరెంటు పెట్టె లేకుండా గిటారుకు గొంతు తక్కువ. యెషయా దాని తలను మంచం ఇనపకడ్డీకి ఆనించాడు. ఇనుముకు తగిలిన తీగ మంచమంతా పలుకుతుంది. పక్కమంచాలవాళ్లు పక్కకు ఒత్తిగిల్లి చూశారు. చర్చిలో పాడే ఓ కీర్తన అడుగువరసను ముందు నల్లతీగల మీద వాయించాడు. డోర్కాస్ ఈసారి వీపు తిప్పలేదు, కళ్లు మూసుకోలేదు. జబ్బుమనిషి, కూర్చోలేకపోతోంది పాపం అనుకున్నాడు. అదే వరసను తెల్లతీగల మీద వాయించాడు. వాయిస్తుంటే ఒళ్లు మరిచిపోయాడు. ఆ నిండు గొంతు విని ఎన్నాళ్లయిందో. ఆమె అరచేతిని కడ్డీ మీద పరిచింది.

"మళ్లీ," అంది.

మళ్లీ నల్లవి, మళ్లీ తెల్లవి. ఆమె చూపు అతని నుదురు మీద, పెదవుల మీద తిరుగుతూనే ఉంది.

"రొండోది," అంది డోర్కాస్. "గుమ్మడికాయ."

యెషయా గుండెల్లోంచి పెద్ద బరువు దిగిపోయింది. చెవికి నచ్చిందీ ఆమె చెప్పిందీ ఒకటే అయింది. అయితే తన చెవి మరీ చచ్చిపోలేదన్నమాట. ఇన్నేళ్లలో మొదటిసారి తనంతట తను సరిగ్గా విన్నాడు. సంతోషంతో అతనికి కళ్లు చెమర్చాయి, అది దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"నాకూ అదే అనిపించినాదే," అన్నాడు.

ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. వార్డు ఆయా అమ్మన్నమ్మ గబగబా వచ్చి వీపు నిమిరింది. సోంపేట మనిషి, ఈ ఆసుపత్రిలో డోర్కాస్‌కు దొరికిన ఒకే ఒక తెలుగు నోరు. దగ్గు తగ్గాక అమ్మన్నమ్మ యెషయా వైపు తిరిగి ఏదో అనబోయింది. డోర్కాస్ ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. అమ్మన్నమ్మ మాట మింగేసి బేసిను తీసుకుని వెళ్లిపోయింది.

"ఎల్లు మావా, ఆలీసమైపోద్ది," అంది డోర్కాస్. "బాగా వాయించు. ఇక్కడికి ఇనపడాల."

వరండాలో కూర్చుని నల్లవి విప్పేసి, మిగతా రెండు తెల్లతీగలూ బిగించాడు. నల్లచుట్టను కోటుజేబులో కుక్కి, పరుగులాంటి నడకతో బస్సు పట్టుకున్నాడు.

సాయంత్రం టీ వేళకు రెస్టారెంటు నిండింది. రెండో పాటకే జంటలు లేచి నాట్యం మొదలుపెట్టాయి. యెషయా స్తంభం పక్కన నిలబడి, ఎన్నడూ లేనంత ధైర్యంగా వాయించాడు. మామూలుగా మెల్విన్ పాదం, డ్రమ్ము కర్ర చూసుకుంటూ దొంగచాటుగా వాయించే మనిషి ఈ పూట తల ఎత్తి, కళ్లు మూసుకుని వాయించాడు. గోళ్లు దాచుకోవడం కూడా మరిచిపోయాడు. కళ్లు తెరిచినప్పుడు డ్రమ్ములవాడు పళ్లు బిగించి తనవైపు చూస్తున్నాడు. నవ్వుతున్నాడనుకుని యెషయా కూడా నవ్వాడు.

మొదటి విడత అవుతూనే మెల్విన్ ఇతన్ని రెక్క పట్టుకుని వంటింటి నడవలోకి తీసుకెళ్లాడు. అక్కడ బల్బు పోయింది. మెల్విన్ ముఖం చీకట్లో కదులుతోంది. ఏదో అంటున్నాడు.

"ఏంటి?" అన్నాడు యెషయా.

మెల్విన్ మళ్లీ అన్నాడు. యెషయా మళ్లీ "ఏంటి?" అన్నాడు. మెల్విన్ ఆగాడు. కొంతసేపు అతన్నే చూసి, వెనక్కి తిరిగి గోడవైపు మొహం పెట్టి నిలబడ్డాడు. యెషయా ఎదురుచూశాడు. గోడవైపు తిరిగిన మనిషి మాట్లాడుతున్నాడో లేదో తెలియక, మర్యాదకు "సరే" అన్నాడు. మెల్విన్ ఇటు తిరిగి, జబ్బ పట్టుకుని, వంటింటి వెలుతురులోకి నడిపించుకుపోయాడు. ముఖం ఎదురుగా పెట్టి, ఒక్కో మాటే పలికాడు.

"నీ పెళ్లాం చచ్చిపోయిందా అని అడిగాను. నువ్వు సరే అన్నావు."

మెల్విన్‌కు తన మాట తనకే వెగటు పుట్టినట్టుంది, చూపు పక్కకు తిప్పుకున్నాడు. "ఎన్నాళ్ల నుంచి వినపడటం లేదు?" అన్నాడు మళ్లీ. ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే యెషయాకు బాగుండేది.

"తీగలు మంచివే," అన్నాడు యెషయా. "మా ఆవిడ విన్నది. ఆవిడ ఎన్నడూ తప్పు చెప్పలేదు."

"ఇవి నిన్నటికంటే ఘోరంగా ఉన్నాయి, మ్యాన్. చెవుల్లో మేకులు దిగుతున్నాయి. ఆవిడ ఇది విని బాగుందంటే ముందు ఆవిడని డాక్టరుకి చూపించు." మెల్విన్ అతని కోటు మెడపట్టీ సవరించాడు, చిన్నపిల్లవాడికి సవరించినట్టు. "రెండో విడతకి పక్క హోటలు నుంచి మనిషి వస్తున్నాడు. నువ్వు ఇంటికెళ్లు. ఇంక రావొద్దు."

ఇన్నేళ్ల చోటు అంత చిన్నమాటతో పోయింది. యెషయా గిటారు సంచిలో పెట్టుకుని వెనకగుమ్మం నుంచి బయటపడ్డాడు. వీధిలో దీపాలు వెలిగాయి. బస్సు కడ్డీ పట్టుకుని వేలాడుతుంటే దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. మెల్విన్ మీద కాదు, డోర్కాస్ మీద. తీగ గొంతు అంత బాగా తెలిసిన మనిషి సత్తుగిన్నెను గుమ్మడికాయ అని ఎలా అంటుంది? సరిగ్గా వినలేదా? నలుగురి ముందు ఓపిక లేక నోటికొచ్చింది చెప్పిందా? పని పోతుందని చెప్పాడే, పెదవులు సాగదీసి మరీ చెప్పాడే. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమెను గట్టిగా ఒక్క మాట అనలేదు. ఈ పూట అంటాను అనుకున్నాడు. ఏ మాట ముందు, ఏ మాట వెనక అన్నది కూడా దారిపొడుగునా కూర్చుకున్నాడు. జేబులో నల్లచుట్ట ఉంది కదా, ఆమె ముందే ఇవి బిగించి వినిపించి, ఇప్పుడు చెప్పు అనాలి. అక్కడ దింపుడుకళ్లం ఆశ కూడా ఒకటి ఉంది: ఆమె ఈసారి సరిగ్గా చెబితే, రేపు మెల్విన్ కాళ్లు పట్టుకోవచ్చు.

చూడ్డానికి వచ్చేవాళ్ల వేళ దాటిపోయినా గేటు దగ్గర కాపలావాడు ఇతన్ని ఆపలేదు. పేరు అడిగి, చప్పున గేటు తీశాడు. వార్డు మెట్ల మీద దీపం కింద అమ్మన్నమ్మ కూర్చుని ఉంది. ఇతన్ని చూసి లేచింది.

"దీపాలెట్టిన యేలకి పోయినాది బావూ," అంది. "దగ్గొచ్చినాది. రకతం కక్కీసినాది. ఎంతోసేపు బాద పళ్లేదు. నీకు కబురెట్టాలంటే ఎక్కడున్నావో తెల్లేదు. ఆ సివర గదిలో ఎట్టినారు. తెల్లారినాక ఇస్తారు."

దీపం వెలుతురులో ఆమె పెదవులు స్పష్టంగా కనిపించాయి. యెషయాకు ప్రతి మాటా అందింది. ఒక్కటీ లోపలికి దిగలేదు. దారిపొడుగునా కూర్చుకున్న మాటలు నాలుక మీద అలాగే ఉన్నాయి, వాటిలో మొదటిది బయటికి వచ్చేసింది.

"మజ్జాన్నం తప్పు సెప్పింది," అన్నాడు. "తెల్లయ్యి మంచివని తప్పు సెప్పింది. నా పని పోయినాది."

అమ్మన్నమ్మ కొంగుతో మొహం ఒత్తుకుంది. తిడుతుందేమో అనుకున్నాడు. ఆమె అతన్ని మెట్టు మీద కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూర్చుంది.

"ఆయమ్మకి ఇనపడితే గదా, తప్పో ఒప్పో సెప్పడానికి. పూజల ముందునించే సెవులు పోనాయి. ఈ జబ్బుకి పొడిసే సూదిమందు అంతే బావూ, పేనం నిలబెడతాదని పొడుస్తారు, కొందరికి సెవులు తినీస్తాది. నాను నోరు కదిపితే సూసి తెలుసుకునీది. నీకు సెప్పీమని ఎన్నిసార్లు బతిమాలినాను. ఒట్టేయించుకుంది. నాను సెవిటిదాన్నని తెలిస్తే మా మావ ఇంకెవులి కాడికెల్తాడు, ఆడికి నా సెవులే గదా ఉన్నయ్యి అనీది."

యెషయా ఆమె నోటివైపే చూస్తున్నాడు.

"మరి రొండోది అని ఎలాగన్నాది?" అన్నాడు.

"నాను అడిగినాను. నువ్వెల్లిపోయినాక అడిగినాను, ఏటి ఇని సెప్పినావమ్మా అని. మావ మొగం సూసినాను అన్నాది. రొండోది వాయించినప్పుడు మొగం ఎలిగిపోయినాది, మరదే మంచిదయ్యుంటాది గదా అన్నాది. అన్నేసి ఎంతో కుశాలగా పడుకుంది."

రెండు చెవిటి మనుషుల మధ్య ఒక గిటారు. ఆమె చెవి అని నమ్మి అతను తన చెవినే నమ్మాడు. అతని ముఖం వెలిగితే చాలని ఆమె నమ్మింది. యెషయా ఏడ్చాడు. పెద్దగా ఏడ్చాడు. ఎంత పెద్దగా ఏడుస్తున్నాడో అతనికి తెలియలేదు. వార్డులోంచి నర్సు వచ్చి పెదవుల మీద వేలు పెట్టి చూపించింది.

సామాను తీసుకోవాలని అమ్మన్నమ్మ అతన్ని లోపలికి తీసుకెళ్లింది. పరుపు అప్పుడే చుట్టేశారు. ఇనపపట్టీల మంచం ఖాళీగా ఉంది. చీర, దువ్వెన, పాలగ్లాసు ఒక తువ్వాలులో మూటకట్టి ఉన్నాయి. యెషయా మూట అందుకుని, ఎక్కడ నిలబడాలో తెలియక మంచం కాళ్లవైపుకు వచ్చాడు. పగలు తను తలవైపే కూర్చున్నాడు. ఇటు ఎన్నడూ రాలేదు. కాళ్లవైపు కడ్డీకి, గాయాలకు కట్టే పట్టీగుడ్డతో, అరచేతిలో సగం కూడా లేని గుండ్రటి అద్దం ఒకటి కట్టి ఉంది.

"అదా," అంది అమ్మన్నమ్మ. "నా సేతే కట్టించుకుంది. ఎనకనున్న గుమ్మం అందులో అవుపడతాది. నువ్వొచ్చే యేలకి దానికేసే సూస్తా ఉండీది. నువ్వు అవుపడగానే, అడుగులు ఇనపడినట్టు తల తిప్పీది."

యెషయా దాన్ని విప్పడానికి చెయ్యి చాచాడు. ముడి గట్టిగా పడింది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఒక భుజాన గిటారు, ఒక చేత మూట పట్టుకుని అమ్మన్నమ్మ వెనకే చివరిగదివైపు నడిచాడు.

వార్డులో దీపాలు తగ్గించారు. మంచం కడ్డీకి ఆ అద్దం అలాగే ఉంది. అందులో గుమ్మం, గుమ్మం అవతల వరండా, వరండాలో ఎవరూ లేని నేల.